ఇరవై రెండేళ్ళకే పాతబడిన అమ్మాయి

‘ఇంద్ర’ విడుదలైన నాటికి ఆర్తీ అగర్వాల్‌కి పద్దెనిమిదేళ్ళు నిండి నాలుగు నెలలు దాటింది. పక్కన ఆడిపాడిన చిరంజీవికి నలభై ఆరు. అంతకు ముందటేడు సెప్టెంబరులో ‘నువ్వు నాకు నచ్చావ్’ వచ్చినప్పుడు ఆమెకు పదిహేడు, వెంకటేశ్‌కి నలభై. ఈ లెక్క అప్పుడు ఎవరూ వేయలేదు. తెరమీద ఆమె వేసిన నందిని పాత్రని చూసిన వాళ్ళకి ఆమె ఇంటర్ చదవాల్సిన వయసు పిల్లని తట్టనే లేదు. పెళ్ళి కుదిరిన అమ్మాయిగా, మనసులో మాట పైకి చెప్పలేక నలిగిపోయే అమ్మాయిగా ఆమె ఆ సినిమాలో నిలబడింది. త్రివిక్రమ్ మాటలు, కోటి పాటలు, ప్రకాశ్‌రాజ్, సునీల్, బ్రహ్మానందం అందరూ కలిసి మోసిన సినిమాయే అయినా, మధ్యలో ఆ పెద్ద కళ్ళు లేకపోతే అది వట్టి నవ్వుల సినిమాగా మిగిలిపోయేది.

మా పొందూరు వాళ్ళకి కొత్త సినిమా అంటే బస్సెక్కి శ్రీకాకుళమో, ఆమదాలవలసో, రాజామో పోవడం. తరవాత తరవాత టీవీలోనే చూశాం. పండక్కి, సెలవు రోజుకి, ఏ కారణమూ లేని మధ్యాహ్నానికి కూడా ‘నువ్వు నాకు నచ్చావ్’ వేస్తూనే ఉంటారు. రాట్నం ఆపకుండానే ఓ కంట ఆ సినిమా చూసే ఇళ్ళు మా వీధుల్లో ఉన్నాయి. ఏ డైలాగు తరవాత ఏ డైలాగో ముందే చెప్పేస్తారు. ఆ సినిమాలో ఆమె వయసు మాత్రం ఎప్పటికీ పదిహేడే. ఆమెకి ఎదురైన పెద్ద పోటీ కొత్తగా వచ్చిన హీరోయిన్లతో కాదేమో అనిపిస్తుంది. తెరమీద చెక్కుచెదరకుండా ఉండిపోయిన తనతోనే ఆమె పోటీ పడాల్సి వచ్చింది.

1984 మార్చి 5న అమెరికాలోని న్యూజెర్సీలో పుట్టింది. గుజరాతీ కుటుంబం. చిన్నతనంలో ఒక వేదిక మీద డాన్సు చేస్తుంటే సునీల్ శెట్టి చూసి, ఈ పిల్లని సినిమాల్లోకి పంపండని తండ్రికి చెప్పాడని అంటారు. 2001లో ‘పాగల్‌పన్’ అనే హిందీ సినిమాతో మొదలుపెట్టింది. అది ఆడలేదు. అదే ఏడు తెలుగు ఆమెను ఎత్తుకుంది. ఆ రోజుల్లో హీరోయిన్లకి గొంతు అరువే. పెదాలు కదిపితే చాలు, మిగతాది డబ్బింగు వాళ్ళు చూసుకుంటారు. తెలుగు ఊళ్ళలో పెరగని పిల్ల తెలుగింటి అమ్మాయి అయిపోయింది. 2002లో తరుణ్‌తో ‘నువ్వు లేక నేను లేను’, జూనియర్ ఎన్టీఆర్‌తో ‘అల్లరి రాముడు’, చిరంజీవితో ‘ఇంద్ర’. 2003లో ‘వసంతం’, ‘పల్నాటి బ్రహ్మనాయుడు’, ‘వీడే’. 2004లో నాగార్జునతో ‘నేనున్నాను’, ప్రభాస్‌తో ‘అడవి రాముడు’. చిరంజీవి, బాలకృష్ణ, నాగార్జున, వెంకటేశ్ నలుగురి పక్కనా మూడేళ్ళలోపే నటించేసింది. చాలామంది హీరోయిన్లకి జీవితకాలం పట్టే ప్రయాణం అది. ఇరవై నిండేసరికి ఆమెకి ఎక్కడానికి మెట్టు మిగల్లేదు.

2005లో ఆమె ఆసుపత్రి పాలైంది. ప్రాణం తీసుకోబోయిందని పత్రికలు రాశాయి. ఎందుకన్నదాని మీద ఎవరికి తోచిన కథ వాళ్ళు అల్లారు. ఆ కథలు ఇక్కడ అక్కర్లేదు. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల మంచం మీద ఉంటే, కోలుకుందా అని అడిగిన వాళ్ళకంటే ఎవరి కోసం అని అడిగిన వాళ్ళే ఎక్కువ. ఆ ఏడే ‘సంక్రాంతి’ వచ్చింది, మరుసటేడు సునీల్ హీరోగా ‘అందాల రాముడు’. ఆ సినిమా బాగానే ఆడింది. కానీ ఫీల్డు లెక్కలు వేరు. వరసగా పెద్ద హీరోల పక్కన చేసిన అమ్మాయి కమెడియన్ పక్కన చేసిందంటే అక్కడ దానికో అర్థం ఉంటుంది. పైగా అప్పటికి కాస్త ఒళ్ళు చేసింది. హాల్లో వెనక వరసల్లోంచి ఈలల బదులు మాటలొచ్చేవి. ‘ఓలమ్మ, ఎంత లావైపోనాదే!’ అనేవారు మావైపు. అన్నవాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. పెళ్ళిలో దూరపు చుట్టాన్ని చూసి అన్నట్టే అన్నారు. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు.

లావు మీద తెలుగు ప్రేక్షకుడికి ఒకప్పుడు ఇంత పట్టింపు ఉండేది కాదు. సావిత్రి నిండైన ఒంటితోనే మహానటి అయింది. ఆవిడ కథ చివర పరాయి ఊరు ఉంది. షూటింగు కోసం బెంగుళూరు వెళ్ళి, 1980 మే నెలలో అక్కడే కోమాలోకి జారిపోయింది. ఏడాదిన్నర పైగా ఆ నిద్రలోనే ఉండి 1981 డిసెంబరు 26న మద్రాసులో కన్నుమూసింది. ఆవిడ పతనానికి మనం చెప్పుకునే కారణాలు వేరు: మందు, అప్పులు, నమ్మిన మనుషులు. ఒళ్ళు ఆ జాబితాలో లేదు. సావిత్రికీ ఆర్తికీ మధ్య ఇరవై ఏళ్ళలో హీరోయిన్ నడుము కొలత మారిపోయింది. హీరో నడుము జోలికి ఎవరూ పోలేదు.

మా ఊళ్ళో సన్నదనానికి విలువ తెలుసు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఒంటికదురు రాట్నం మీద నూరో కౌంటు పైబడి నూలు తీస్తారు. వేళ్ళ మధ్య పోగు ఎంత లాగితే సన్నబడుతుందో, ఇంకెంత లాగితే తెగుతుందో వడికే ఆవిడకి తెలుసు. తెగేదాకా లాగదు. సినిమా ఫీల్డులో అలా చెయ్యి ఆపేవాళ్ళు లేరు. ఆర్తి విషయంలో ఆపబోయింది డాక్టర్లేనని అంటారు. కొవ్వు తీయించుకుంటానని వెళితే, నీకు ఆ అవసరం లేదని హైదరాబాదులో వద్దన్నారని, అయినా అమెరికాలో చేయించుకుందని అప్పట్లో పత్రికలు రాశాయి.

ఆ దారి దాకా రావడానికి మధ్యలో తొమ్మిదేళ్ళు. 2007లో ఒక అమెరికా వాసితో పెళ్ళి, 2009లో విడాకులు. ‘గోరింటాకు’, ‘పోసాని జెంటిల్‌మన్’ లాంటి సినిమాల్లో కనిపించీ కనిపించనట్టు కనిపించింది. మళ్ళీ మొదలుపెట్టాలని హైదరాబాదు వచ్చినప్పుడల్లా టీవీ ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఒంటి గురించే. ఇంకో ఉద్యోగంలో మనిషి విరామం తీసుకుని తిరిగొస్తే ఏం పని వచ్చని అడుగుతారు. ఈమెను ఎన్ని కిలోలున్నావని అడిగినట్టే అడిగారు.

ఇక్కడ ఒక సంగతి విడమరచి చెప్పాలి, ఎందుకంటే కొవ్వు తీయించుకోవడాన్నీ, బరువు తగ్గించే ఆపరేషన్‌నీ జనం ఒకటే అనుకుంటారు. కొవ్వు తీయించుకోవడం, అంటే లైపోసక్షన్, బరువు తగ్గించే ఆపరేషన్ కాదు. చర్మం కింద పేరుకున్న కొవ్వును గొట్టంతో లాగేసి ఒంటికి ఆకారం తెస్తారు. పేగుల చుట్టూ, కాలేయంలో ఉండే కొవ్వు అలాగే ఉంటుంది. బరువు కోసం చేసేది బేరియాట్రిక్ సర్జరీ. అందులో పొట్టలో ముప్పావు వంతు దాకా కోసి తీసేస్తారు, లేదా పేగు దారి మళ్ళిస్తారు. మధుమేహంతో, మోకాళ్ళ నొప్పులతో, నిద్రలో ఊపిరి అందక బాధపడే వాళ్ళకి అది ప్రాణం పోసిన సందర్భాలు బోలెడు. రెండింటిలోనూ ప్రమాదం బల్ల మీదే అయిపోదు. కాలి నరంలో గడ్డకట్టిన రక్తం కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డం పడొచ్చు. అది మొదటి రోజే రానక్కర్లేదు, వారాల తరవాతయినా రావచ్చు. అప్పటికి మనిషి ఇంటికొచ్చేసి ఉంటాడు.

ఇంటికొచ్చేయడమే అసలు చిక్కు. దూరపు ఆసుపత్రి మా జిల్లాకి కొత్త కాదు. ఉద్దానం కిడ్నీ రోగులు డయాలసిస్ కోసం ఏళ్ళ తరబడి విశాఖ దాకా తిరిగారు. అయితే వాళ్ళ జబ్బు ఏమిటో దారిపొడుగునా అందరికీ తెలుసు. బేరియాట్రిక్ ఆపరేషన్ చేయించుకున్న మనిషి సంగతి వేరు. చాలామంది ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పరు. సిగ్గు. చేసిన డాక్టరు విశాఖలోనో హైదరాబాదులోనో ఉంటాడు, అర్ధరాత్రి వాంతులు పొందూరులో మొదలవుతాయి. ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజు ఎక్కిస్తాడు. వారాల తరబడి తిండి నిలవని మనిషికి బి1 విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకే దెబ్బ తగలొచ్చు. ఇంకొకరు ముక్కులోంచి గొట్టం దించబోతారు. కుట్లు పచ్చిగా ఉన్న పొట్టలోకి చూడకుండా దించితే కుట్టు చినగొచ్చు. జ్వరం లేకపోయినా నాడి నిమిషానికి నూట ఇరవై దాటి కొట్టుకుంటుంటే, భుజం లాగేస్తుంటే, లోపల కుట్టు కారుతోందేమోనని సర్జన్ అనుమానిస్తాడు. మామూలు డాక్టరు గ్యాసనుకుంటాడు. ఎవరి తప్పూ లేదు, ఆపరేషన్ కాగితం ఒక్కటి దగ్గర లేదు. శ్రీకాకుళంలో బోధనాసుపత్రి ఉంది, విశాఖలో కేజీహెచ్ ఉంది. అంబులెన్సు వంద కిలోమీటర్లు పోయేలోగా మాట పడిపోతే ఆ మనిషికి ఏ ఆపరేషన్ జరిగిందో, ఎప్పుడు జరిగిందో చెప్పేదెవరు?

ఆపరేషన్ కోసం దూరం పోయిన వాళ్ళలో ప్రపంచమంతా చూసిన ఉదంతం ఒకటుంది. ఐదు వందల కిలోల బరువుందన్న ఈజిప్టు స్త్రీ ఇమాన్ అహ్మద్‌ని 2017 ఫిబ్రవరిలో అలెగ్జాండ్రియా నుంచి విమానంలో ముంబై తెచ్చారు. ఇంట్లోంచి క్రేనుతో దించాల్సి వచ్చింది. సర్జరీ అయింది, బరువూ తగ్గింది. మే నెలలో అబుదాబీకి తీసుకుపోయారు. సెప్టెంబరు 25న అక్కడే చనిపోయింది. ముప్పై ఏడేళ్ళు. ఆవిడ మళ్ళీ సొంతూరు చూడలేదు.

ఆర్తికి అలా కాదు. మనం అమెరికాలో పోయిందని, ఎంతో దూరాన పోయిందని ఏడ్చాం గాని, ఆమె పుట్టింది అక్కడే. చనిపోయేనాటికి ఉన్నది న్యూజెర్సీలో అమ్మానాన్నల దగ్గరే. కొవ్వు తీయించుకున్న ఆరు వారాలకి ఊపిరి తీసుకోవడం కష్టమైంది. 2015 జూన్ 6, శనివారం, అట్లాంటిక్ సిటీలోని ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే ప్రాణం పోయిందన్నారు. ముప్పై ఒక్కేళ్ళు. ఆపరేషనే కారణమా, అంతకు ముందే ఊపిరితిత్తుల జబ్బు ఉందా అని రకరకాలుగా రాశారు. ముందురోజే ఇక్కడ ఆమె సినిమా ‘రణం 2’ విడుదలైంది. పదిహేడేళ్ళకి ఇల్లు వదిలి పనికోసం వచ్చిన పరాయి చోటు ఆమెకి ఫిల్మ్‌నగరే. ఒంట్లో కొవ్వు తీసేయాలన్న అవసరం న్యూజెర్సీలో పుట్టింది కాదు. ఆపరేషన్ మాత్రం అక్కడ జరిగింది, దాని కారణం ఇక్కడ ఉంది. అందుకే ఏ ఊరిని ఆమె ఊరనాలో నాకు తేలదు.

ఇలాంటి చావు నుంచి చట్టం పుట్టిన చోటూ ఉంది. పాటగాడు కాన్యే వెస్ట్ తల్లి డొండా వెస్ట్ 2007 నవంబరులో కాలిఫోర్నియాలో లైపోసక్షన్, మరో ఆపరేషన్ చేయించుకున్న మర్నాడే పోయింది. 2009లో ఆమె పేరు మీద ఆ రాష్ట్రం చట్టం చేసింది: అందం కోసం చేసే కోతకి ముందు ఒంటిని పరీక్షించాలి, చేయొచ్చని రాతపూర్వకంగా ఉండాలి. మనవైపు ఆర్తి పోయాక వారం రోజులు చర్చలు జరిగాయి, తరవాత ఇంకో వార్త వచ్చింది. 2022 మేలో బెంగుళూరులో కన్నడ నటి చేతనా రాజ్ కొవ్వు తీయించుకుని చనిపోయింది. ఆమెకు ఇరవై ఒకటి. అమ్మానాన్నలకి చెప్పకుండా స్నేహితులతో వెళ్ళిందట.

ఆర్తి పోయిన ఏడాదిన్నరకి, 2017 సంక్రాంతికి, చిరంజీవి ‘ఖైదీ నంబర్ 150’తో తిరిగొచ్చాడు. పదేళ్ళ విరామం తరవాత, అరవై ఒక్కేళ్ళ వయసులో. జనం హారతులు పట్టారు. పట్టాల్సిందే, అందులో తప్పేం లేదు. 2025 సంక్రాంతికి వెంకటేశ్ సినిమాకీ హాళ్ళు కిక్కిరిశాయి. ఈ ఇద్దరి పక్కనా నటించిన పిల్ల బతికుంటే అప్పటికి నలభై ఏళ్ళది. అక్క పాత్రో, వదిన పాత్రో ఇచ్చేవాళ్ళు. అది కూడా ఒళ్ళు తగ్గితేనే.

ఆమె చనిపోయిందని తెలిసిన రోజు మా ఊళ్ళోనూ మాట్లాడుకున్నారు. ‘ఆ పిల్లకి అంత లావేటుందని, ఎందుకు కోయించుకుందో’ అని ఆడవాళ్ళు వాపోయారు. నిజమే, పెద్ద లావేం కాదు. ‘అందాల రాముడు’ ఆడుతున్నప్పుడు ఆ మాట ఎవరి నోటా వినపళ్ళేదు.