సగం కోడ్‌నీ చదివిన పార్సర్

1965లో డొనాల్డ్ నూత్, కోడ్ నిర్మాణాన్ని గుర్తించే ఎల్‌ఆర్ పార్సింగ్ పద్ధతిని ప్రకటించారు. కోడ్‌ని ఎడమ నుంచి కుడికి ఒక్కసారి చదువుకుంటూ పోయి, పొసగని మొదటి గుర్తు దగ్గరే తప్పు పట్టేయడం దాని ఘనత. పట్టాక ఏం చేయాలన్నదే చిక్కు. అది పంచ్ కార్డుల కాలం. కార్డుల కట్ట అప్పగించి గంటలు కాచుకుంటే, సెమికోలన్ ఒకటి తక్కువైందని తిరిగొచ్చేది.

1972లో ఆల్ఫ్రెడ్ అహో, థామస్ పీటర్సన్ చక్కని పరిష్కారం చూపారు: అతి తక్కువ మార్పులతో ఏ సరైన ప్రోగ్రామ్‌ని చేరుకోవచ్చో వెతకడం. కానీ కోడ్ రెట్టింపైతే పని ఎనిమిదింతలు! ఆ రోజుల్లోనే కార్నెల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ కాన్వే, థామస్ విల్‌కాక్స్ తయారుచేసిన పీఎల్/సీ కంపైలర్ విద్యార్థుల తప్పుల్ని తానే దిద్దుకుని ముందుకు సాగేది. చాలా కంపైలర్లు మాత్రం తర్వాతి సెమికోలన్ దాకా అన్నీ వదిలేసి ఊపిరి పీల్చుకునేవి.

తెరల మీద టైప్ చేసే రోజులొచ్చాక చిక్కు ముదిరింది. బ్రాకెట్ తెరిచిన క్షణం నుంచి మూసేదాకా కోడ్ అసంపూర్ణమే. 1981లో టైటెల్‌బామ్, రెప్స్ అసలు కోడ్ నిర్మాణమే తెగనివ్వని ఎడిటర్ చేశారు. ముందే సిద్ధంగా ఉన్న అచ్చుల్లో ఖాళీలు నింపుకుంటూ పోవాలి. తోచినట్టు టైప్ చేయడం అలవాటైన చేతులకు ఆ దారి నచ్చలేదు.

1990ల చివర బర్క్‌లీలో టిమ్ వాగ్నర్, సుసాన్ గ్రాహమ్ మరో దారి తొక్కారు. కోడ్ నిర్మాణాన్ని చూపే పాత వ్యాకరణ వృక్షాన్ని అట్టే ఉంచి, మారిన కొమ్మనే మళ్లీ చదవడం. దానికి తోడు అనుకోని వైపు నుంచి సాయం అందింది. మసారు టొమిటా 1985లో, మనుషుల భాషల్లోని ద్వంద్వార్థాల కోసం, ఒకే వాక్యాన్ని ఒకేసారి పలు విధాల చదివే పద్ధతి కూర్చారు.

గిట్‌హబ్‌లో ఆటమ్ ఎడిటర్ మీద పనిచేస్తున్న మ్యాక్స్ బ్రున్స్‌ఫెల్డ్ ఈ రెండు పద్ధతుల్నీ ట్రీ-సిట్టర్ అనే పార్సర్‌లో కలిపారు. కోడ్ ఎక్కడైనా తెగితే ఆ పార్సర్ లేని బ్రాకెట్‌ని ఊహించి ఒక దారిలో, అడ్డొచ్చిన గుర్తుని పక్కనపెట్టి మరో దారిలో సాగుతుంది. దారి దారికీ ఖర్చు కట్టి, చవకైనదాన్ని నిలుపుకుంటుంది. అహో, పీటర్సన్ కోరిన కనిష్ఠ మార్పు ఇక్కడ అందేది ఉజ్జాయింపుగానే. అయితే వేళ్ల వేగానికి అందుతుంది.

2018లో అది ఆటమ్‌లోకి చేరింది. 2022 చివర ఆటమ్ మూతపడింది. పార్సర్ మాత్రం నియోవిమ్, ఈమ్యాక్స్ వంటి ఎడిటర్లలో చోటు సంపాదించుకుని, ఇప్పటికీ సగం రాసిన కోడ్‌కి రంగులద్దుతోంది.