సర్కారు జీతం.. సంస్థ యాజమాన్యం: ఎయిడెడ్ బడిపై అజమాయిషీ ఎవరిది?

తిరుపతి: బోర్డుపై సంస్థ పేరు ఉంటుంది. ఉపాధ్యాయుల జీతం మాత్రం ఖజానా నుంచి వస్తుంది. అదే ఎయిడెడ్ పాఠశాల. ప్రభుత్వ సొమ్ముతో, ప్రభుత్వేతర నిర్వహణలో నడిచే చార్టర్ పాఠశాలలకు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం 1991లో తొలి చట్టం చేసింది. మనకు ఆ పద్ధతి అంతకంటే చాలా పాతది. 1854 నాటి వుడ్ నివేదిక తరువాత మద్రాసు ప్రెసిడెన్సీలో అమలైన గ్రాంటు విధానం 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాకు వారసత్వంగా వచ్చింది.

ఈ బడుల నియంత్రణకు 1982 నాటి విద్యాచట్టం, 1994 జనవరి 1న వెలువడిన జీవో నంబరు 1 ఆధారం. గుర్తింపు ఇవ్వడం, రద్దు చేయడం విద్యాశాఖ అధికారం. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఎయిడెడ్ బడి తాను పొందే గ్రాంటు నిష్పత్తిలో, కనీసం 25 శాతం మంది పిల్లలకు ఎనిమిదో తరగతి వరకు ఉచితంగా చదువు చెప్పాలి. మైనారిటీ సంస్థలకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

పాఠశాల యాజమాన్య కమిటీలో మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. అయితే 2012 సవరణతో ఎయిడెడ్ బడుల్లో ఆ కమిటీ సలహాలకే పరిమితమైంది. నిధులు ప్రజలవి, మాట మాత్రం చెల్లదన్నమాట!

ఆ లోటు 2021లో బయటపడింది. ఆస్తులతో సహా బడిని అప్పగించడమా, సిబ్బందిని మాత్రమే అప్పగించి ప్రైవేటుగా నడుపుకోవడమా తేల్చుకోవాలని ప్రభుత్వం యాజమాన్యాలను కోరింది. రెండో దారి పట్టిన చోట ఫీజుల భారం పేద కుటుంబాలపై పడే పరిస్థితి ఏర్పడింది. తల్లిదండ్రుల అంగీకారం ఎవరికీ అవసరం కాలేదు. అనంతపురం సహా పలుచోట్ల విద్యార్థులు రోడ్డెక్కారు. చివరకు నవంబరులో ఎయిడెడ్‌గానే కొనసాగేందుకు, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకొనేందుకు కూడా అవకాశం కల్పించారు.

తమ బడి గ్రాంటుతో నడుస్తోందా, గుర్తింపు ఎప్పటి వరకు ఉందన్నది తెలుసుకోవడానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయినందున అక్కడి బడుల వివరాలను ఆ జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయంలోనే కోరాలి. రుసుము రూ.10. దారిద్య్రరేఖకు దిగువనున్న వారికి అదీ లేదు. 30 రోజుల్లోగా సమాధానం రావాలి.