తన పుస్తకానికి తానే సమీక్షకుడు

1855 జూలై మొదటివారంలో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికలో ఒక చిన్న ప్రకటన పడినది. 'లీవ్స్ ఆఫ్ గ్రాస్', అనగా గడ్డిపరకలు అనే కవితాసంపుటి అమ్మకానికి వచ్చినదనీ, వెల రెండు డాలర్లనీ అందులోని సారాంశం. న్యూయార్క్ నగరంలో ఆ పుస్తకాన్ని అమ్మడానికి పూనుకొన్నవారు ఫౌలర్, వెల్స్ అనే సంస్థవారు. వారు సాహిత్య ప్రకాశకులు కారు. తల ఆకారాన్ని తడిమి చూచి మనిషి గుణగణాలను చెప్పే విద్య ఒకటి ఆనాడు అమెరికాలో ప్రబలంగా ఉండేది. ఆ విద్యకు సంబంధించిన పుస్తకాలూ, పత్రికలూ ప్రచురించడం వారి వ్యాపారం. కవికి అంతకంటె మంచి అంగడి దొరకలేదు.

పుస్తకం తెరచి చూచినవారికి ముఖపత్రంమీద గ్రంథకర్త పేరు కనుపించదు. దానికి ఎదుటి పుటలో టోపీ ఓరగా పెట్టుకొని, చొక్కా మెడ విప్పుకొని, ఒక చేయి నడుముమీద ఆనించి నిలుచున్న గడ్డపు మనిషి బొమ్మ ఉన్నది. లోపల 12 కవితలు. వాటికి పేర్లు లేవు. ప్రాసల నియమం లేదు, పరిచితమైన ఛందస్సు లేదు. మొత్తం 95 పుటలు, అచ్చయిన ప్రతులు 795. అచ్చువేసినవారు బ్రూక్లిన్‌లోని రోమ్ సోదరులు. అచ్చు ఖర్చు కవిదే. అక్షరాలు కూర్చడంలో కూడ కొంతభాగం ఆయన చేతిమీదుగానే జరిగినది.

ఆ కవి వాల్ట్ విట్మన్. అప్పటికి ఆయన వయస్సు 36 సంవత్సరాలు. సుమారు పన్నెండేళ్ళ ప్రాయంలోనే ముద్రణాలయంలో పనికి కుదిరి, తరువాత బడిపంతులై, విలేఖరియై, 1846 నుండి 1848 వరకు బ్రూక్లిన్ డెయిలీ ఈగిల్ అనే దినపత్రికకు సంపాదకత్వం వహించి, రాజకీయ విభేదాలవల్ల ఆ ఉద్యోగం పోగొట్టుకొన్నవాడు. ఈ పూర్వచరిత్ర మన కథకు చాల ముఖ్యం. పత్రికలో పుస్తకాలనుగురించిన వ్యాఖ్యలు ఎట్లా పడతవో, ఎవరు వ్రాస్తారో, ఎవరికోసం వ్రాస్తారో ఆయనకు లోపలినుండి తెలుసును. ఆ కాలంలో సమీక్షలకింద సంతకం ఉండేది కాదు. పేరు లేని సమీక్ష మిత్రుడు వ్రాసినదో, శత్రువు వ్రాసినదో, ప్రకాశకుడే వ్రాయించినదో పాఠకుడు తెలుసుకొనే ఉపాయం లేదు.

పుస్తకాల అమ్మకం సాగలేదు. అయితే సమీక్షకు పంపిన ప్రతులు కొన్ని, కానుకగా పంపిన ప్రతులు కొన్ని చేరవలసిన చోట్లకు చేరినవి. ఒక ప్రతి కాంకార్డ్ గ్రామంలోని ఎమర్సన్ మహాశయునికి అందినది. ఆనాటి అమెరికాలో ఆయన మాటకు ఎదురులేదు. ఎన్నడూ పేరు విననట్టి ఒక కవికి ఆయన జూలై 21వ తేదీన స్వహస్తంతో ఉత్తరం వ్రాసి, ఒక మహత్తరమైన జీవితప్రస్థానానికి ఆరంభంలో ఉన్న నిన్ను అభినందిస్తున్నానని తెలియజేసినాడు. రెండురోజుల తరువాత ట్రిబ్యూన్‌లో చార్లెస్ డేనా వ్రాసిన సమీక్ష వచ్చినది. అందులో మెప్పు కొంత, మందలింపు కొంత ఉన్నవి. ఆపైన చాల పత్రికలు మౌనం వహించినవి. పుస్తకసమీక్షా కార్యక్రమాలతో సంబంధం ఉన్నవారికి ఈ మౌనం సంగతి బాగా తెలుసును. బల్లమీద కట్టలు పేరుకొంటూనే ఉంటవి. పేరున్న ప్రకాశకుని ముద్ర ఉన్న పుస్తకం ముందు తెరుచుకొంటుంది. గ్రంథకర్త స్వయంగా అచ్చువేసికొని, రెండు ప్రతులు జతచేసి, వినయంగా ఉత్తరం వ్రాసి పంపినది కట్ట అడుగుకు చేరుతుంది.

విట్మన్ కట్ట అడుగున పడి ఉండడానికి అంగీకరించలేదు. 1855 సెప్టెంబరులో యునైటెడ్ స్టేట్స్ రివ్యూ అనే పత్రికలో ఆయన పుస్తకంమీద ఒక సమీక్ష వెలువడినది. అమెరికాకు ఇంతకాలానికి తన కవి లభించినాడని దాని ధోరణి. అదే నెలాఖరున బ్రూక్లిన్ డెయిలీ టైమ్స్‌లో ఇంకొకటి వచ్చినది. అందులో కవి దేహదారుఢ్యం, వేషభాషలు, నడవడి అన్నీ వర్ణితమైనవి. అక్టోబరులో ఫౌలర్, వెల్స్ వారి సొంత పత్రికలో మూడవది పడినది. అది ఇంగ్లండు ఆస్థానకవి టెనిసన్‌ను ఒక పక్కన, విట్మన్‌ను మరొక పక్కన నిలబెట్టి తూచినది. తరాసు ఎటు మొగ్గినదో చెప్పనక్కరలేదు. ఈ మూడింటినీ వ్రాసినవాడు విట్మనే.

ఇది మోసమా? నామట్టుకు నాకు ఆ మాట అనడానికి నోరు రాదు, కాదనడానికీ మనస్సు ఒప్పదు. ఎదుటి పక్షాన ఉన్నదేమిటో కూడ చూడాలి. ఆ నవంబరులో క్రైటీరియన్ అనే పత్రికలో రూఫస్ గ్రిస్వోల్డ్ అనే ప్రసిద్ధ సంకలనకర్త ఈ పుస్తకాన్ని చెత్తకుప్ప అన్నంత మాట అని, కవి నడతనుగురించి పైకి చెప్పరాని నేరాన్ని లాటిన్ పదాలచాటున సూచించినాడు. అటువంటి దాడికి జవాబు చెప్పడానికి సొంతంగా పుస్తకం వేసికొన్నవానికి వేదిక ఏది? పెద్దసంస్థల కవులకు స్నేహితులైన సంపాదకులు ఉండేవారు. ఈయనకు ఉన్నది తన కలం ఒక్కటే.

అయితే ఆయన అక్కడితో ఆగలేదు. ఎమర్సన్ వ్రాసిన ఉత్తరం ఆంతరంగికమైనది. దానిని 1855 అక్టోబరు 10వ తేదీన ట్రిబ్యూన్‌లో అచ్చు కానిచ్చినాడు. వ్రాసిన ఆయన అనుమతి అడుగలేదు. 1856లో రెండవ ముద్రణ వచ్చినప్పుడు ఎమర్సన్ అభినందనవాక్యాన్ని, ఆయన పేరుతోసహా, పుస్తకం వెన్నుమీద బంగారు అక్షరాలతో ముద్రింపించినాడు. లోపల ఆ ఉత్తరం పూర్తిపాఠం, దానికి తన సుదీర్ఘమైన జవాబు చేర్చినాడు. మొదటి ముద్రణ వేయి ప్రతులు వేయగా సులభంగా చెల్లిపోయినవని ఆ జవాబులో వ్రాసుకొన్నాడు. అచ్చయినవే 795! అవి కూడ దాదాపుగా అమ్ముడుపోలేదన్న అర్థం వచ్చేటట్లు వృద్ధాప్యంలో ఆయనే మాట్లాడినాడు. వెన్నుమీద పెద్దల మెప్పుమాట అచ్చువేయడం ఈనాడు ప్రకాశకులందరికీ అలవాటే. ఆనాడు అది కొత్త.

1856 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ సమీక్షకుడు ఒకరు గుట్టు బయటపెట్టినారు. తమకు వచ్చిన పుస్తకంతోపాటు కొన్ని పొగడ్త వ్యాసాల ముద్రితప్రతులు కూడ వచ్చినవనీ, వాటి శైలి చూడగా గ్రంథకర్త కలమే కనుపించుచున్నదనీ నిలదీసినారు. అయినా విశేషమేమంటే, అదే సమీక్షకుడు ఆ కవిత్వంలోని బలాన్ని తోసివేయలేకపోయినాడు.

1860లో బోస్టన్‌కు చెందిన యువప్రకాశకులు ఇద్దరు తామై వచ్చి మూడవ ముద్రణ వేసినారు. ఏడాది తిరుగకుండానే వారి వ్యాపారం కూలిపోయినది. తరువాత అంతర్యుద్ధం. అది ముగిసిన 1865లో 'డ్రమ్ టాప్స్' కూడ సొంత ఖర్చుతోనే వెలువడినది.

1873 జనవరిలో విట్మన్‌కు పక్షవాతం వచ్చినది. న్యూజెర్సీ రాష్ట్రంలోని కామ్డెన్‌లో తమ్ముని ఇంట చేరినాడు. 1876 జనవరి 26వ తేదీన అక్కడి వెస్ట్ జెర్సీ ప్రెస్ అనే చిన్న పత్రికలో సంతకంలేని వ్యాసం ఒకటి వెలువడినది. అమెరికా ప్రకాశకులు ఈ కవిని తలుపులోపలికి రానీయడంలేదనీ, మాసపత్రికలు ఆయన రచనలను త్రిప్పి పంపుచున్నవనీ, వయసు మళ్ళి, రోగపీడితుడై, బీదతనంలో ఉన్నాడనీ అందులో ఉన్నది. వ్రాసినవాడు మరల ఆయనే. కొంత నిజం, కొంత అతిశయోక్తి. అంతకు రెండేళ్ళముందే హార్పర్స్ పత్రిక ఆయన కవితలు రెండు ప్రచురించినది. కాని వ్యాధి అబద్ధం కాదు, ప్రకాశకుడు లేడన్నది అబద్ధం కాదు.

ఈసారి ఆయన ఎక్కుపెట్టిన బాణం ఎక్కడ తగలాలో తెలిసి వేసినదే. ఆ వ్యాసాన్ని లండన్‌లో ఉన్న విలియం రొసెట్టికి పంపినాడు. రొసెట్టి 1868లోనే విట్మన్ కవితలను ఏర్చికూర్చి ఇంగ్లండులో ప్రచురించిన రసజ్ఞుడు. ఆయన పూనికతో మార్చిలో అథీనియం పత్రిక ఆ వ్యాసభాగాలను ప్రచురించగా, రాబర్ట్ బుకానన్ అనే కవి డెయిలీ న్యూస్‌లో అమెరికాను దుయ్యబట్టుతూ ఉత్తరం వ్రాసినాడు. అట్లాంటిక్ సముద్రానికి ఇరుపక్కలా వాగ్వాదం చెలరేగినది. ఇంగ్లండు నుండి చందాలు వచ్చినవి. పుస్తకం కొన్నవారిలో టెనిసన్ కూడ ఉన్నాడు! ఇరవై ఏళ్ళకు పూర్వం తనతో పోల్చి తూచి తేలికచేసిన వ్యాసం ఆయనకు జ్ఞాపకం ఉన్నదో లేదో. రెండు సంపుటాలు, పది డాలర్ల వెల. సంతకం చేయడం, పొట్లం కట్టడం, తపాలాకు వేయడం అంతా కవే చూచుకొనేవాడు.

1881లో బోస్టన్ నగరంలోని ఆస్గుడ్ అనే పెద్ద ప్రకాశకుడు పుస్తకాన్ని చేపట్టినాడు. మరుసటి ఏడు మార్చిలో ఆ జిల్లా ప్రభుత్వ న్యాయవాది, కొన్ని కవితలు అశ్లీలమనీ, అమ్మకం ఆపవలెననీ హెచ్చరిక పంపినాడు. ఆస్గుడ్ వెనుకకు తగ్గినాడు. ఫిలడెల్ఫియాలో మరొకరు అదే పుస్తకాన్ని అచ్చువేయగా మొదటి విడత వెంటనే చెల్లిపోయినది. కవి ఇరవైయేడేళ్ళు వ్రాసిన రహస్యసమీక్షలు చేయలేని పనిని ఆ న్యాయవాది ఒక ఉత్తరంతో చేసినాడు. పెద్దభాగం ఆ రాబడితోనే 1884లో కామ్డెన్‌లోని మికిల్ వీధిలో విట్మన్ 1,750 డాలర్లకు చిన్న ఇల్లు కొన్నాడు. 

1892 జనవరిలో, మంచం పట్టి ఉన్నప్పుడు, లీవ్స్ ఆఫ్ గ్రాస్ చివరి ముద్రణనుగురించి న్యూయార్క్ హెరాల్డ్‌కు ప్రకటన వ్రాసినవాడు కూడ ఆయనే. మార్చి 26వ తేదీన కన్నుమూసినాడు. మరుసటి సంవత్సరం ఆయన సాహిత్య వారసులు ముగ్గురు ఒక స్మారకసంపుటం వెలువరించినారు. 1855నాటి సంతకంలేని సమీక్షలు మూడూ అందులో ఉన్నవి. ఈసారి విట్మన్ పేరుతోనే ఉన్నవి.