జాన్‌దార్ లేని తస్వీర్

మన ఇళ్లలో గోడకు మనిషి ఫోటో తగిలించడం తక్కువ. కాబా, మదీనా, లేదంటే ఏదో కొండ, ఏదో నది. దీని వెనక ఒక రివాయత్ ఉంది. బొమ్మలు చేసి బతికే ఒకాయన హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) దగ్గరికి వస్తే, తప్పదనుకుంటే చెట్లూ, రూహ్ లేనివీ చేసుకోమన్నారని సహీ బుఖారీలో వస్తుంది. కెమెరాకు ఇది వర్తిస్తుందా లేదా అన్నది ఉలమాల బహస్. నేను అందులోకి పోను. నాకు తవారీఖ్ చాలు.

మదీనాను మొదట కెమెరాలో పట్టినవాడు ముసల్మానే. పేరు ముహమ్మద్ సాదిఖ్ బే, ఈజిప్టు ఫౌజులో ఇంజినీరు. 1861లో మదీనా, 1880లో మక్కా తీశాడు. కొలతలు తీసుకోడానికి పోయినవాడు మంజర్ కూడా పట్టుకొచ్చాడన్నమాట. మన దక్కన్‌లో అంత పేరు లాలా దీన్‌దయాళ్‌ది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనకిచ్చిన ఖితాబు 'ముసవ్విర్ జంగ్'. అల్ ముసవ్విర్ అస్మాయె హుస్నాలో ఒకటని తెలిసిన దర్బారే ఈ ఖితాబు ఇచ్చింది! అప్పటికి కడప నిజాం చేతిలో లేదు, 1800లోనే కంపెనీకి పోయింది. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో దించేసి ఆ రియాసత్‌నూ కలిపేసుకున్నారు.

ఇప్పుడు మన సీమకు కెమెరాల కరువు లేదు, వానల కరువే. జమ్మలమడుగు దగ్గర గండికోట చూడండి. ఎర్రబండల్ని పెన్న కోసుకుంటూ పోయిన లోయ. 1650లో మీర్ జుమ్లా గెలిచిన కోట, జామా మసీదు, మాధవరాయ స్వామి గుడి. పొద్దు పొడవకముందే లోయ అంచున ట్రైపాడ్లు నిలబడతాయి. 'ఇండియా గ్రాండ్ కేన్యన్' అంటారు. నాకా పేరు నచ్చదు, పెన్నకు పేరు లేదా? ఫోటోలు మాత్రం ఖూబ్‌సూరత్, అందులో షక్ లేదు. అయితే చాలావాటిలో మనిషి కనపడడు. ఆర్ట్ ఫోటోగ్రఫీ వాళ్ల ఖాయిదా మన దాదీమాల ఖాయిదాతో కలిసిపోయింది: మంజర్ ఉండాలి, జాన్‌దార్ ఉండకూడదు.

అదే పెన్న మీద గండికోట రిజర్వాయరు ఉంది, 26.85 టీఎంసీలు. 2020లో నీళ్లు నింపుతుంటే కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. జనం సామాన్లు ఎత్తుకుని కదిలారు. సీమకు నీళ్లు వద్దని నేననను, అనే హక్కూ లేదు. కానీ పొద్దుటిపూట లోయకేసి పెట్టిన లెన్సుల్లో ఎన్ని ఆ ఊరివైపు తిరిగాయి?

కెనడా ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ బర్టిన్‌స్కీ 2002లో చైనా పోయాడు. త్రీ గోర్జెస్ డ్యామ్ కోసం జనం తమ పట్నాల్ని తామే కూలగొట్టుకుంటుంటే తీశాడు. అవి కూడా లాండ్‌స్కేప్ ఫోటోలే, పెద్ద పెద్ద మ్యూజియముల్లో పెట్టేంత ఆర్టే. ఆ శిథిలాల మధ్య మనుషులు చీమలంత కనపడతారు. మంజర్ పాడవలేదు, పైగా అప్పుడే అర్థమవుతుంది.

మనకు బర్టిన్‌స్కీ రాలేదు. వలీమా ఆల్బమ్‌లున్నాయి. దుల్హా వెనకాల వేపచెట్టు, మసీదు మినార్, పీర్ల చావిడి అరుగు, మలుపు తిరిగే సందు. స్టూడియోవాడు తీయాలనుకోని ఊరు అందులో పడింది. ముంపు ఊళ్ల నుంచి వచ్చిన బంధువులు మీ ఖాన్‌దాన్‌లో ఉంటే, ఈ జుమ్మా తర్వాత పోయి ఆ ఆల్బమ్ అడగండి. ఫోటో వెనక పెన్సిలుతో ఊరి పేరు, సంవత్సరం, ఆ సందు ఎటు పోయేదో రాయించండి. పెద్దవాళ్లకు ఇంకా గుర్తుంది.