నాలుగు భాషల తరగతికి టీచర్ ఎలా తయారవ్వాలి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో ఒకే తరగతిలో తెలుగు, ఉర్దూ, తమిళం, కన్నడ మాట్లాడే ఇళ్ల పిల్లలు కలిసి కూర్చోవడం కొత్తేమీ కాదు. కర్ణాటక, తమిళనాడు సరిహద్దులు దగ్గరే కదా. ఇంట్లో దక్కనీ మాట్లాడే బిడ్డ ఒకటో తరగతిలో నోరు విప్పకపోతే "వీడికి చదువు రాదు" అనేస్తారు. వాడికి రానిది చదువు కాదు, బడి భాష. ఈ తేడా తెలిసిన టీచర్లు కావాలి.

చట్టం ఏమంటుంది?

1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఏ అధికరణ ప్రకారం, భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వీలు కల్పించాలి. 2009 విద్యాహక్కు చట్టం కూడా సాధ్యమైనంత వరకు మాతృభాషలోనే బోధించాలంటుంది. ఉర్దూను రాష్ట్ర రెండో అధికార భాషగా గుర్తించే బిల్లు 2022లో అసెంబ్లీలో ఆమోదం పొందింది.

శిక్షణలో ఏముంది?

ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో బీఎడ్ రెండేళ్లయింది. అందులో 20 వారాలు బడిలో గడపాలి. ఏ సబ్జెక్టు చెప్పినా భాషను ఎలా వాడాలో నేర్పే పేపరూ ఉంది. అయితే అసలు పని తరగతిలోనే. ట్రైనింగ్‌కు వెళ్లినవాళ్లు ముందుగా ఏ బిడ్డ ఇంట్లో ఏ భాషో రాసుకోవాలి. బోర్డు మీద పాలు, పాల్, హాలు, దూద్ అని పక్కపక్కనే రాస్తే నాలుగు ఇళ్ల పిల్లలూ పాఠంలోకి వచ్చేస్తారు.

దగ్గర్లోనే నమూనా

మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ విద్యా వనరుల కేంద్రం, పల్లె బడుల కోసం కార్డుల పద్ధతి తయారుచేసింది. ఇందులో ప్రతి బిడ్డా తన వేగంతో మెట్టు మెట్టుగా నేర్చుకుంటుంది. చెన్నై కార్పొరేషన్ బడులు 2003 నుంచి దీన్ని తమకు తగ్గట్టు మలచుకున్నాయి. కుప్పంలో ద్రావిడ భాషల అధ్యయనానికి 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది.

మన ఇళ్లలో గమనించాల్సింది

ఏపీ టెట్‌లో మొదటి భాషగా ఉర్దూ, తమిళం, కన్నడ కూడా ఎంచుకోవచ్చు. కానీ ఆ భాషను పదో తరగతి వరకు చదివి ఉండాలి. "ఉర్దూతో ఏం లాభం" అని మధ్యలో మాన్పిస్తే, రేపు అమ్మాయి టీచర్ అవుదామనుకున్నప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. ఉర్దూ మీడియంలో బీఎడ్ చదవాలంటే హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. ఉర్దూ, తెలుగు రెండూ బాగా వచ్చిన అమ్మాయి బడికీ ఇంటికీ మధ్య వంతెన అవుతుంది. దరఖాస్తుకు ముందు ఆ ఏటి నోటిఫికేషన్‌లో అర్హతలు తప్పక చూసుకోండి.