చుక్కలు రాలిన ఏడు

మన ఊళ్లలో ఆకాశం గురించి రెండు మాటలు వింటుంటాం. ఒకటి చుక్క రాలిందని, రెండోది తోకచుక్క పొడిచిందని. బడిలో అడిగితే రెండూ ఒకటేనంటారు పిల్లలు. వాళ్లను తప్పు పట్టనక్కరలేదు, గ్రీకు పండితుడు అరిస్టాటిల్ కూడా రెండింటినీ గాలిలో పుట్టే మంటలే అనుకున్నాడు. కానీ మన చరిత్ర మనమే రాసుకోవాలంటే ఈ తేడా తెలిసి ఉండాలి. ఎందుకో తెలియడానికి ముందు అమెరికా ఆదివాసుల సంగతి ఒకటి చూద్దాం.

ఉత్తర అమెరికా మైదానాల్లోని లకోటా, డకోటా తెగలవారు ఏళ్లకు అంకెలు వేయలేదు, పేర్లు పెట్టారు. మొదటి మంచు కురిసినప్పటి నుండి మళ్లీ మంచు కురిసే దాకా వారికి ఒక ఏడు. ఆ ఏడు జరిగిన వాటిలో దేన్ని గుర్తుంచుకోవాలో పెద్దలు కూర్చుని తేల్చేవారు. ఆ పని అప్పగించిన మనిషి దాన్ని తోలు మీద బొమ్మగా వేసి, అడిగినవారికి కథ చెప్పేవాడు. వీటిని శీతకాలాల లెక్కలంటారు. లోన్ డాగ్ అనే పెద్దమనిషి లెక్కలో 71 ఏళ్ల బొమ్మలు నడిమి నుండి నత్తగుల్లలా చుట్టుకుంటూ వస్తాయి. మశూచి వచ్చిన ఏడు, గుర్రాలు తోలుకొచ్చిన ఏడు, అలా.

తోలు మీద తారీఖు లేదు. మరి ఏ బొమ్మ ఏ సంవత్సరానిది? గారిక్ మాలరీ అనే సైనికాధికారి 1877లో లోన్ డాగ్ లెక్కను అచ్చు వేయించాడు. తర్వాత ఇలాంటివి మరెన్నో బయటపడ్డాయి. గుంపులు వేరు, వేసిన చేతులు వేరు. అయినా దాదాపు అన్నిటిలో ఒక బొమ్మ ఉంది: చుక్కలు రాలడం. లోన్ డాగ్ దాన్ని నల్లని చందమామగా, ఎర్రని చుక్కలుగా చూపాడు. అది 1833 నవంబరు 12–13 రాత్రి. ఆ రాత్రి అక్కడ తెల్లవారే దాకా ఉల్కలు వానలా కురిశాయని పత్రికలు తారీఖుతో సహా రాశాయి. ఆ ఒక్క బొమ్మకు తారీఖు దొరికాక, ముందుకీ వెనక్కీ లెక్కపెట్టి మిగతా బొమ్మల ఏళ్లను సరిచూసుకునే వీలు కలిగింది.

ఆ రాత్రి శాస్త్రానికీ దారి చూపింది. ఓల్మ్‌స్టెడ్ అనే ప్రొఫెసరు చూసినవాళ్ల మాటలు పోగుచేసి, ఉల్కలన్నీ సింహరాశిలో ఒకే చోటు నుండి వస్తున్నట్టు కనిపించాయని చెప్పాడు. 1866లో అదే వాన మళ్లీ కురిసింది. దానికి కొద్ది నెలల ముందే టెంపెల్, టటిల్ అనే ఇద్దరు వేర్వేరుగా ఒక తోకచుక్కను కనిపెట్టారు. అది సుమారు 33 ఏళ్లకోసారి సూర్యుణ్ణి చుట్టివస్తుంది. దాని దారి, ఆ ఉల్కల దారి ఒకటేనని తేలింది.

తోకచుక్క మంచూ దుమ్మూ కలిసిన పెద్ద ముద్ద. సూర్యుడి దగ్గరకు వచ్చినప్పుడు మంచు ఆవిరై, దుమ్ము లేచి, సూర్యుడికి ఎడంగా తోక సాగుతుంది. అది ఎంతో దూరాన ఉంటుంది కాబట్టి పరుగెత్తినట్టు కనిపించదు. చుక్కలతో పాటే పొడుస్తుంది, చుక్కలతో పాటే కుంకుతుంది, వారాల తరబడి కనిపిస్తుంది. దారిలో అది వదిలిన దుమ్ముకు భూమి అడ్డం వచ్చినప్పుడు, ఇసుక రేణువంత రవ్వ సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున మన గాలిలో మండిపోతే అదే రాలిన చుక్క. దాని ఆయుష్షు రెప్పపాటు. నిజానికి చుక్క ఏదీ రాలదు, మర్నాడు చూసినా అన్నీ అక్కడే ఉంటాయి.

ఇక మన సంగతి. మన అవ్వాతాతలూ ఏళ్లకు పేర్లే పెట్టారు: కరువు ఏడు, పెద్ద గాలివాన ఏడు. బడిలో చేర్చేటప్పుడు ఆ పేర్లు అడిగినవారు లేరు, తోచిన తారీఖు వేశారు. మాలో ఇంతమంది ఒకే రోజున పుట్టినట్టు ఉండడం అందుకే!

ఎవరైనా పెద్దలు తోకచుక్క మాట ఎత్తితే వెంటనే అడగండి. ఒక్క రాత్రేనా, చాలా రోజులా? పొద్దు గూకాకనా, కోడికూత వేళనా? ఏ దిక్కున? అప్పుడు అడవిలో ఏం దొరుకుతోంది? ఇప్పపువ్వు ఏరే రోజుల్లో, సాయంత్రం పడమటి వైపు, రోజుల తరబడి చూశామంటే అది 1997 మార్చి, ఏప్రిల్‌లలో కనిపించిన హేల్-బాప్ కావచ్చు. ఆ ఏడు పుట్టిన బిడ్డ వయసు అక్కడే దొరుకుతుంది.

1910 ఇంకా చిక్కు, ఎందుకంటే ఆ ఏడు తోకచుక్కలు రెండు. జనవరి చివర సాయంత్రాల్లో పడమట ఒకటి, మే నెలలో తెల్లవారుజామున తూర్పున హేలీ. గురజాడ ‘ముత్యాల సరాలు’లో వచ్చేది ఈ హేలీయే. రెండింటికీ నడుమ, ఫిబ్రవరిలో, మన పొరుగున బస్తరులో గుండాధుర్ పేరు మోగిన భూంకాల్ పోరు లేచింది. కాబట్టి ఏ ఇంట్లోనైనా ముత్తాతల మాటగా తోకచుక్క కథ మిగిలి ఉంటే ఒక్కటి అడిగి రాసుకోండి: ముందు వచ్చింది తోకచుక్కా, పోరా?