ఐదో గేటు

2021 నవంబరు 18, గురువారం. శేషాచలం కొండల మీద వాన ఆగడం లేదు. బంగాళాఖాతంలోని వాయుగుండం చెన్నై వైపు కదులుతోంది. తిరుమల మెట్ల దారిలో వరద దూకుతోంది, తిరుపతి వీధులు మునుగుతున్నాయి. అదే వాన కొండలకు ఇవతల, కడప జిల్లాలో, బాహుదాలోకీ పింఛాలోకీ దిగుతోంది. ఆ రెండూ కలిస్తే చెయ్యేరు. ఏడాదిలో చాలా నెలలు ఇసుక తప్ప ఏమీ కనిపించని ఏరు అది. చెలమ తవ్వుకుని నీళ్ళు చేదుకునే ఏరు. దాని గట్టున పుట్టి పెరిగినవాళ్ళకు నీళ్ళు లేవన్న దిగులు తెలుసు గానీ నీళ్ళంటే భయం తెలియదు.

కార్తీక పౌర్ణమి ఘడియలు నడుస్తున్నాయి. చెయ్యేటి గట్టు ఊళ్ళలో శివాలయాల ముందు దీపాలు పెట్టి, తడిసిన బట్టలతో ఇళ్ళకు చేరినవాళ్ళు నిద్రపోయారు. ఎగువన మాత్రం రెండు కట్టలకు ఆ రాత్రి నిద్ర లేదు.

మొదటిది పింఛా, సుండుపల్లె దగ్గరి చిన్న ప్రాజెక్టు. ఒక టీఎంసీలో మూడో వంతు నీళ్ళు పడతాయంతే. రాష్ట్రంలోని జలాశయాల పట్టికలో చూపు దాటిపోయే పేరు. ఆ రాత్రి వచ్చిన వరద దాని శక్తికి మించిపోయింది. రింగ్ బండ్ తెగింది. అప్పటిదాకా గేట్ల లెక్కన దిగిన నీళ్ళు ఒక్క పెట్టున ఏట్లో పడ్డాయి.

ఆ నీళ్ళు వెళ్ళి తగిలేది రెండో కట్టకు. రాజంపేట మండలం బాదనగడ్డ దగ్గర చెయ్యేటికి అడ్డంగా కట్టిన అన్నమయ్య ప్రాజెక్టు అది. పదకవితా పితామహుడు అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక ఆ మండలంలోనే ఉంది, అందుకే ఆ పేరు. నిల్వ సామర్థ్యం 2.24 టీఎంసీలు. నీళ్ళు వదలడానికి ఐదు గేట్లు. నాలుగు లేచాయి. ఐదోది అంతకుముందే చెడిపోయి ఉంది. లేవలేదు.

ఇక్కడ లెక్క చూడకుండా కథ చెప్పడం తప్పు. గేట్ల గుండా వదలగలిగిన వరద 2.17 లక్షల క్యూసెక్కులు. వచ్చి పడింది 3.2 లక్షలు. క్యూసెక్కంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. ఐదు గేట్లూ సమానంగా పంచుకున్నాయనుకుంటే ఒక్కో గేటు వాటా నలభై మూడు వేల క్యూసెక్కులు. ఐదో గేటు లేచి ఉన్నా ఇంకా లక్షకు పైగా మిగిలే ఉంటుంది. జలాశయం అడుగంటా ఖాళీగా ఉన్నా, 3.2 లక్షల క్యూసెక్కుల ధారకు అది రెండు గంటలు పూర్తికాకుండానే నిండిపోతుంది. గేటు చెడిపోవడం వల్లే కట్ట తెగిందని ఒక్క ముక్కలో తేల్చేవాళ్ళూ, ప్రకృతి ముందు ఎవరేం చేస్తారని చేతులు దులుపుకునేవాళ్ళూ ఈ అంకెల్ని సగమే చదువుతున్నారు. నలభై మూడు వేల క్యూసెక్కులు కట్టను కాపాడి ఉండకపోవచ్చు. నీళ్ళు కట్ట అంచుకు చేరడాన్ని కొంతసేపు ఆపేవి. ఆ తెల్లవారుజామున దిగువ ఊళ్ళకు కావాల్సింది ఆ కొంతసేపే.

మట్టి కట్ట నీళ్ళను ఏళ్ళ తరబడి మోస్తుంది. దాని మీదుగా నీళ్ళు పారితే మాత్రం తట్టుకోలేదు. మొదట పల్చటి పొర ఒకటి అంచు దాటి వెనక వాలు మీదికి జారుతుంది. చూడ్డానికి పెద్ద ప్రమాదంలా ఉండదు. వాలు దిగేకొద్దీ వేగం అందుకుని కట్ట పాదం దగ్గర మట్టిని కోస్తుంది. చిన్న గండి పడుతుంది. ఆ గండి కిందినుంచి పైకి, వెనక్కి వెనక్కి కట్టను తినుకుంటూ వస్తుంది. అంచు దాకా వచ్చిందా, కట్ట ఎత్తు అక్కడ తగ్గుతుంది. ఎత్తు తగ్గితే ఇంకా నీళ్ళు, నీళ్ళు పెరిగితే ఇంకా కోత. అంతదాకా వచ్చాక ఇసుక బస్తాలు వేసి ఆపగలిగేది ఏమీ లేదు. చేయగలిగింది ఒక్కటే, కింద ఉన్నవాళ్ళను లేపడం.

ప్రాజెక్టు గేట్లు చూసుకునే లస్కర్ ఆ పని చేశాడు. దిగువ ఊళ్ళకు ఫోన్లు చేసి చెప్పాడు. తరవాత అక్కడికి వచ్చిన ముఖ్యమంత్రి అతన్ని అభినందించారు. ఆ ఫోన్లలో ఏ మాటలు నడిచాయో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ సీమ మాట తెలిసినవాళ్ళు ఊహించుకుంటే ఇలా ఉంటాయి:

"అన్నా, కట్ట మీంచి మాట్లాడతాండా. నీళ్ళు కట్టెక్కేస్తాండాయి. ఇది నిలబడదన్నా."

"ఇంత పొద్దున ఎట్ల లేపేదిరా జనాన్ని?"

"ఎట్లో ఒకట్ల లేపన్నా. గొడ్లు విప్పెయ్యండి. పిల్లోళ్ళను ఎత్తుకోని మిట్టకు పోండి. సామాన్లు చూసుకుంటా నిలబడొద్దని చెప్పు."

సైరన్ మోగాల్సిన చోట ఒక మనిషి ఫోనులో ఒక్కో నంబరూ నొక్కుతూ ఉన్నాడు. ఆ ఫోన్లు ఎత్తినవాళ్ళు బతికారు, పక్కింటి తలుపు కొట్టారు. ఫోను అందని ఇల్లు, ఏటి చప్పుడు రోజూ ఉండేదే కదా అనుకున్న ఇల్లు, ముసలివాళ్ళను కదిలించలేకపోయిన ఇల్లు, వీటికి వ్యవధి చాలలేదు.

19వ తేదీ తెల్లవారేసరికి కట్ట తెగిపోయింది. మందపల్లి, పులపత్తూరు, తొగూరుపేట, గుండ్లూరు వరసగా నీళ్ళ కిందికి వెళ్ళాయి. ఒక శివాలయం దగ్గర ఉన్నవాళ్ళు కొట్టుకుపోయారు. రోడ్డు మీద ఆర్టీసీ బస్సులు చిక్కుకుంటే ప్రయాణికులు బస్సుల పైకెక్కి ప్రాణాలు అరచేత పట్టుకున్నారు. అందరూ మిగల్లేదు. నందలూరు, రాజంపేటల మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. చనిపోయినవాళ్ళూ గల్లంతైనవాళ్ళూ కలిసి ముప్పై మందికి పైనే. నీళ్ళు తీశాక అరటి తోటలూ వరి మళ్ళూ ఉన్నచోట ఇసుక మేటలు మిగిలాయి. ఇల్లు పోతే మళ్ళీ కడతారు. మేట వేసిన చేను ఆ రైతుకు మళ్ళీ చేనుగా దక్కాలంటే ఏళ్ళు కావాలి, ట్రాక్టర్ల బాడుగలు కావాలి. పరిహారం పట్టికల్లో ఈ నష్టం ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది.

ఆ ఏడాది డిసెంబరులో రాజ్యసభలో అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్రసింగ్ షెకావత్ ఐదో గేటు తెరుచుకోని సంగతి ఎత్తిచూపారు. వరద సామర్థ్యాన్ని మించి వచ్చిందని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది. అందుకే బాధ ఎక్కువవుతుంది. ఊహించని వరద వచ్చే రోజుకే కదా ప్రతి గేటూ లేవాల్సిన అవసరం! గేటు బాగుచేసేది వానలో కాదు, వేసవిలో. గొలుసుకు గ్రీజు పెట్టడం, తుప్పు గీకడం, ఏటా ఒకసారైనా గేటు పైకెత్తి చూడటం, కట్ట మీద మొలిచిన చెట్లు వేళ్ళతో సహా పీకడం, ఊట కనిపిస్తే రాసుకోవడం. వీటికి శంకుస్థాపనలు ఉండవు, ఫోటోలు ఉండవు. నిధుల జాబితాలో కింద పడేవి ఇవే.

ఈ సంగతులు కడప జిల్లాకు కొత్తవి కావు. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు పోరుమామిళ్ళలో చెరువు కట్టించి 1369లో వేయించిన శాసనం ఇప్పటికీ ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలూ, చెరువుకు పట్టే ఆరు దోషాలూ అందులో ఉన్నాయి. దోషాల్లో మొదటిది కట్ట నుంచి నీళ్ళు ఊరడం. చివరిది చోటు కొంచెమై నీళ్ళు ఎక్కువ కావడం. ఆరున్నర శతాబ్దాల నాటి ఆ రాయి అదే జిల్లాలో ఉంది, చెయ్యేటి గట్టున జరిగింది ఆ చివరి దోషమే.

రాజ్యసభ 2021 డిసెంబరు 2న ఆమోదించిన ఆనకట్టల భద్రతా చట్టం డిసెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చింది. పదిహేను మీటర్లకు మించిన ఎత్తున్న ఆనకట్టలకు అది వర్తిస్తుంది. పది నుంచి పదిహేను మీటర్ల మధ్యవైతే పొడవో, నిల్వో, వరదో ఒక హద్దు దాటడం లాంటి షరతు ఒకటైనా ఉండాలి. అంతకన్నా చిన్న కట్టలకు, అంటే మన ఊరి చెరువుల్లో చాలావాటికి, అది చేయి చాచదు. ఆ చెరువులకు ఒకప్పుడు నీరుగంటి ఉండేవాడు. వాన రాత్రి గొంగళి కప్పుకుని కట్ట మీద తిరగడం అతని పని. ఊరు పంటలో అతనికి గింజలు కొలిచేది. ఇప్పుడు చాలా ఊళ్ళలో మరవ (అలుగు) ఎవరు చూస్తున్నారని అడిగితే జవాబు రాదు. గొలుసుకట్టు చెరువుల్లో పైది తెగితే కిందిది తెగుతుంది. పింఛా తెగిన నీళ్ళు అన్నమయ్య కట్టకు చేరడం కూడా అదే వరస.

చట్టం కిందికి వచ్చే ప్రతి ఆనకట్టకూ అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తయారుచేయాలి. చట్టం వచ్చేనాటికే ఉన్నవాటికి దానికిచ్చిన గడువు ఐదేళ్ళు, అంటే 2026 డిసెంబరు 30 వరకు. కట్ట తెగితే నీళ్ళు ఏ ఊరికి ఎంతసేపట్లో వస్తాయి, జనం ఏ మిట్ట ఎక్కాలి, రాత్రి పూట ఎవరు ఎవరికి చెప్పాలి అన్నవి ఆ కాగితంలో ఊరి పేరుతో సహా ఉండాలి. ఆ కాగితం కలెక్టరాఫీసు బీరువాలో ఉంటే చాలదు. పంచాయతీ గోడ మీద, ఏటి గట్టు బడి గోడ మీద, తెలుగులో, పెద్ద అక్షరాలతో ఉండాలి. కట్ట మీద ఒక సైరన్, దాన్ని నెలకోసారి మోగించి చూసే మనిషి, ఆ మనిషికి నెల నెలా అందే జీతం ఉండాలి. కట్ట కింద ఉన్న ప్రతి ఊరూ తన ఇంజనీరును ఈ వేసవిలోనే అడగాల్సింది ఇదీ: మా ఎగువన ఎన్ని గేట్లున్నాయి, వాటిలో ఎన్ని లేస్తాయి?